లక్షకింకా పద్నాలుగు వేలు

నాది మీటర్ల పని. బండి వేగం చూపే ముల్లు, తిరిగిన కిలోమీటర్లు చూపే అంకెలు, ఈ రెండూ ఉండే పెట్టె నా చేతికొస్తాయి. ముల్లు వణికితే కుదురు చేస్తాను. కేబుల్ తెగితే కొత్తది వేస్తాను. మా ఊరు మ్బేయాలో బస్టాండు వెనక నా కొట్టు బోర్డు మీద రాయించింది ఇంతే. రాయించని పని ఇంకొకటుంది, నా ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే. జపాను నుంచి ఓడ దిగొచ్చిన పాత బండ్ల అంకెలు వెనక్కి తిప్పుతాను. రెండు లక్షలు తిరిగి అలిసిన ముసలి వ్యాను నా బల్ల దగ్గర అరగంట ఆగితే అరవై వేల పడుచుదై లేచిపోతుంది.

ఊళ్లో ఈ సంగతి తెలియనివాడు లేడు. అయినా తన బండి మాత్రం అలాంటిది కాదని ప్రతివాడికీ నమ్మకం. కొనేవాడికి చిన్న అంకె కావాలి, అమ్మేవాడు చూపిస్తాడు, మధ్యలో నేనెవర్నని? ఇలా అనుకుని ఇరవై ఏళ్లు హాయిగా నిద్రపోయాను. సిగ్గులేని నిద్ర.

రెండేళ్ల కిందట మా చర్చి పాటలవాళ్లు సొంత వ్యాను కొందామనుకున్నారు. ఆ పాటలకు పెద్ద నా భార్య సుబిలాగా. చర్చి పెద్ద మ్వాకజిలా మాస్టారు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనా ఇప్పటికీ జేబులో సుద్దముక్క పెట్టుకునే తిరుగుతాడు. ఆయన అందరి ముందూ నా భుజం మీద చెయ్యేసి, "ఊరినిండా మీటర్లు తిప్పే దొంగలేనట. మనకేం భయం? మన ఫుండి ఉన్నాడు. వీడు చూసి చెప్తే చాలు," అన్నాడు. ఫుండి అంటే మా దగ్గర చేతిపనివాడు. ఆ రోజు నుంచి ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నన్ను పాత బండ్లమ్మే సింకాలా యార్డుకు తీసుకెళ్లారు. అక్కడ వాళ్లు మెచ్చిన తెల్ల వ్యాను నేను మూడు వారాల కిందట తిప్పిందే. లక్షా తొంభై ఎనిమిది వేల నాలుగు వందలున్నదాన్ని అరవై ఎనిమిది వేల నాలుగు వందలు చేశాను. యార్డు యజమాని సింకాలా మావాళ్ల వెనక నిలబడి గడ్డం గోక్కుంటూ నావైపే చూస్తున్నాడు. నా పనిలో ముప్పాతిక ఆ యార్డు నుంచే వస్తుంది. దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. డాష్‌బోర్డు కింద తల దూర్చి, అవసరానికి మించి అక్కడే ఉండి, బయటికొచ్చి "నిజమే" అన్నాను. మాస్టారు ఆ ముక్క కాగితం మీద రాయించి, నా చేత సంతకం పెట్టించి, బండి నోటుబుక్కులో అంటించాడు.

అంకె చిన్నదైతే బండికొచ్చే నష్టమేమిటని మీరడగొచ్చు. ఆ రకం డీజిల్ ఇంజనులో పళ్లున్న రబ్బరు బెల్టు ఒకటుంటుంది. లక్ష కిలోమీటర్లకొకసారి దాన్ని మార్చి తీరాలి. అంకెల్లో లక్ష నిండగానే మీటరు పెట్టెలో ఎర్రదీపం వెలిగి గుర్తు చేస్తుంది. బెల్టు తెగితే నడుస్తున్న బండిలో ఇంజను ఉన్నట్టుండి చస్తుంది. స్టీరింగు బిగుసుకుపోతుంది, బ్రేకు తొక్కితే రాయి తొక్కినట్టుంటుంది. జపానువాళ్లు మొదటి లక్షకు దాన్ని మార్చి, తేదీ రాసిన చీటీ ఇంజను మూత లోపల అంటించారు. ఆ చీటీ గీకి పారేసింది కూడా నేనే. రెండో లక్షకు ఇంకో పదహారు వందలు తిరిగితే దీపం వెలిగేది. నేను దాన్ని ముప్పై ఒక్క వేల ఆరు వందల కిలోమీటర్ల దాకా పడుకోబెట్టాను.

గుట్టుగా ఆ బెల్టు నేనే మార్చేద్దామనుకున్నాను. కాని తాళంచెవి మాస్టారు మెడలో ఉంటుంది. బండి చర్చి ఆవరణలో గొలుసు వెనక ఉంటుంది. ప్రతి ప్రయాణానికీ ముందు ప్రార్థన చేసి, మీటరు చూసి, పోయేటప్పుడెంత, వచ్చేటప్పుడెంత అని అంకె అంకె రాస్తాడాయన. అలా రెండేళ్లు గడిచిపోయాయి. మొరొగోరోలో పెద్ద పాటల పండుగకు రమ్మని పిలుపొచ్చింది. మొరొగోరో పోవాలంటే కిటోంగా కొండ దిగాలి. ఒకపక్క రాతిగోడ, ఇంకోపక్క లోయ, మధ్యలో మెలికల మీద మెలికలు. ఆ పేరు వినగానే నాకు అన్నం సహించడం మానేసింది.

వారం ముందే మాస్టారు దగ్గరికెళ్లాను.

"మాస్టారూ, ప్రయాణానికి ముందు ఇంజను బెల్టు మార్చేద్దామండీ."

"మీటరెంత?"

"ఎనభై ఐదు వేల తొమ్మిది వందలు."

"లక్షకింకా ఎంత?"

"పద్నాలుగు వేల వంద."

"మరి లెక్క నీకు రాదా, నాకు రాదా?" అని నవ్వాడు.

నేను ఊరుకోలేదు. "టైర్లు పెద్దవేశారు కదండీ. పెద్ద టైరు ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. మీటరు తక్కువ చూపిస్తుంది. అసలు తిరిగింది ఇంకా ఎక్కువుంటుంది," అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. దొంగవాడు నిజాన్ని గొడుగులా పట్టుకోవడం అంటే ఇదే.

మాస్టారు కళ్లు మెరిశాయి. లెక్క దొరికింది ఆయనకు. సుద్దముక్క తీసి బండి తలుపు మీదే మొదలుపెట్టాడు. పాత టైరు ఎత్తు, కొత్త టైరు ఎత్తు, భాగించి, గుణించి, "నూటికి మూడు. అసలు మొదట్నుంచీ పెద్ద టైర్లే అనుకున్నా ఎనభై ఎనిమిది వేల నాలుగు వందల డెబ్భై ఏడు. ఇంకా పదకొండు వేల పైచిలుకుంది. భేష్, మంచి లెక్కే తెచ్చావు," అని చెయ్యి దులుపుకున్నాడు.

"పోనీ నేనే ఉచితంగా వేస్తానండీ. బెల్టు కూడా నాదే."

ఆ మాటతో ఆయన మొహం మారిపోయింది. "ఉచితంగానా? సొంత పెళ్లాం టార్చిలైటు బాగుచెయ్యడానికే ఆర్నెల్లు తిప్పావట నువ్వు! ఏంటయ్యా నీ ఎత్తు? బాగున్న బెల్టు పీకి ఎవడికైనా అంటగడతావా?"

"అయ్యయ్యో, అదేం మాటండీ!"

"లేకపోతే మీటరు మీద నమ్మకం లేదా? ఇదిగో నీ సంతకం." నోటుబుక్కు తెరిచి నా ముక్కుకింద పెట్టాడు. "నువ్వే నిజమన్నావు. నేను దేవుడి పుస్తకం తర్వాత నీ కాగితమే నమ్మాను. ఇంక పో."

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఆ కత్తెర చేసిందీ నేనే, సాన పట్టిందీ నేనే. ఎవర్ని తిట్టుకోను?

ప్రయాణానికి ముందురోజు ఆయిలు పొయ్యమని తాళమిచ్చాడు, అదీ పక్కనే నిలబడి. ఎవరో పిలిస్తే ఆయన అవతలికి తిరిగిన రెండు నిమిషాల్లో ఇంజను మీదుండే ముందుసీటెత్తి, బెల్టు మూత పైబోల్టులు రెండు వదులు చేసి లోపలికి చూశాను. ఎండాకాలం రైతు మడమలా పగిలిపోయుంది బెల్టు. రెండు పళ్లు ఊడిపోయి ఉన్నాయి.

నేరుగా బజారుకెళ్లి కొత్త బెల్టు కొని నా సంచిలో వేసుకున్నాను. ఇంటికొచ్చి సుబిలాగాతో, "ఈసారికి ఈ పాటలు మానేస్తే ఏం?" అన్నాను.

ఆమె పాటలకు తొడుక్కునే గౌనుకు ఇస్త్రీ చేస్తోంది. తలెత్తకుండానే, "ఏడు నెలలు గొంతు చించుకున్నాం. మానెయ్యాలా? ఏమయ్యా, జ్వరమేమైనా వచ్చిందా?" అంది.

"దారి మంచిది కాదు సుబీ. కిటోంగా..."

"మన బండి మంచిదే కదా. చూసి చెప్పింది నువ్వే."

చెప్పేయాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. ఆ గౌను మీద ఇస్త్రీపెట్టె ఎంత మురిపెంగా నడిపిస్తోందో చూసి మళ్లీ మూసుకున్నాను. పిరికి వెధవని, ఇంకేం చెప్పను.

తెల్లవారుతూనే బయల్దేరాం. పదహారు మందిమి. డ్రైవరు గ్వాకిసా, నెమ్మదైన మనిషి. వాడి పక్కన మాస్టారు, ఒళ్లో నోటుబుక్కు. సుబిలాగా మధ్య వరసలో కిటికీ పక్కన, నేను ఆమె పక్కన, నా పక్కన సెకేలా అవ్వ. అవ్వది సుబిలాగా పుట్టిన ఊరే. అందుకే నన్ను అల్లుడా అంటుంది, అల్లుణ్ని ఎంతెంత ఏడిపించాలో అంతా ఏడిపిస్తుంది. ముందుసీటు కింద ఇంజను గురగురమంటోంది. ఆ గురగురలో ఏ చిన్న తేడా వచ్చినా నా పాదాలకు తెలుస్తోంది. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఇగావా దాటాక ఒక ఊళ్లో పోలీసులు ఆపారు. చేతిలో వేగం కొలిచే తుపాకి. ఆ ఊళ్లో యాభై దాటకూడదు. గ్వాకిసా ముల్లు యాభై మీద మేకు కొట్టినట్టు నిలిపే నడిపాడు.

"నలభై ఏడు. పొండి," అన్నాడు పోలీసు.

"మా మీటరు యాభై చూపించింది సార్!" అన్నాడు మాస్టారు, తుపాకి తప్పు పట్టుకున్నంత సంబరంగా.

నేను నోరు మూసుకోవచ్చుగా? చేతిపని అలవాటు. "పెద్ద టైర్లేసినా ముల్లు ఇంకా కాస్త ఎక్కువే చూపిస్తుందండీ. కంపెనీవాళ్లే అలా పెడతారు. మనిషి భయపడి తగ్గిస్తాడని," అన్నాను.

మాస్టారు వెనక్కి తిరిగి అందరికీ చెప్పాడు. "విన్నారా? మన మేలు కోరి ముందుజాగ్రత్తకు ఎక్కువ చెప్పే మీటరిది! ఇంతకన్నా నీతి ఏముంది?" అందరూ చప్పట్లు కొట్టారు. సుబిలాగా గర్వంగా నా మోచెయ్యి పట్టుకుంది. ఆ చేతిని విదిలించుకుని బండిలోంచి దూకేద్దామనిపించింది.

మాఫింగాలో చాయ్‌కి ఆగాం. అందరూ చపాతీలు తింటున్నారు. నేను కడుపు పట్టుకుని, "నావల్ల కాదు, వెనక్కి తిప్పండి," అన్నాను.

సెకేలా అవ్వ నా నుదురు ముట్టుకుని చూసింది. "జ్వరం లేదు, పాడూ లేదు. కొండంటే భయమర్రా అల్లుడికి! మగాడి పొట్టలో కప్పలు ఎగురుతున్నాయి!"

అందరూ పగలబడి నవ్వారు. మాస్టారు మాత్రం జాలిపడ్డాడు. "ఒంట్లో బాలేకపోతే ఇరింగాలో దిగిపో. అక్కడ మీ అక్క ఉంది కదా. ఎల్లుండి వచ్చేటప్పుడు ఎక్కించుకుంటాం."

ఒక్క క్షణం, నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. నేను దిగిపోవచ్చు. బండి నేను లేకుండా కొండ దిగుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యమేసింది. "వద్దులెండి, తగ్గింది," అన్నాను.

"చూశావా, చాయ్ పడితే ఏ రోగమైనా తగ్గుద్ది," అంది అవ్వ.

ఇరింగా వెళ్లిపోయింది. ఇలూలా కూడా వెళ్లిపోయింది, రోడ్డు పక్క టమాటా బుట్టలతో సహా. చెప్పేయాలి, ఆ మలుపు దగ్గర చెప్తాను, ఆ వంతెన దాటాక చెప్తాను అనుకుంటూ కూర్చున్నాను. మలుపులు, వంతెనలు అయిపోయాయి. సుబిలాగా చెయ్యెత్తి పాట ఎత్తుకుంది. మిగతా గొంతులన్నీ కలిశాయి. ఆ ఇరుకు బండిలో ఆ పాట మధ్య నేను ఊపిరాడక కూర్చున్నాను. ఎదర కొండ అంచు కనిపించింది. లారీలు బ్రేకులు చూసుకోవడానికి ఆగే చోటు అది. మేం ఆగడం లేదు. గ్వాకిసా గేరు తగ్గించాడు, ఇంజను ఒక్కసారి గీపెట్టింది.

"ఆ మీటరు నేనే తిప్పాను," అన్నాను.

పాటలో ఎవరికీ వినపడలేదు. అవ్వకు వినపడింది. "ఏంటి అల్లుడా?"

"ఈ బండి మీటరు తిప్పింది నేనే! బెల్టు తెగిపోతుంది! ఆపరా గ్వాకిసా, కొండ దిగకు, నీకు దణ్ణం పెడతాను, ఆపు!"

అవ్వ పాడటం ఆపేసింది. ఆమె వెనకవాళ్లు ఆపారు. ఒక్కో గొంతే రాలిపోయి చివరికి సుబిలాగా ఒక్కతే పాడుతోంది, ఆమె కూడా ఆగి నా వైపు తిరిగింది. గ్వాకిసా బండిని లారీల వెనక పక్కకు తీసి నిలిపాడు.

"వీడికి కొండభయం ముదిరింది," అన్నాడు మాస్టారు. "ఫుండీ, సంతకం పెట్టింది నువ్వే కదయ్యా."

"అబద్ధానికి పెట్టానండీ. అంతకు మూడు వారాల ముందే తిప్పాను. లక్షా ముప్పై వేలు తీసేశాను. బెల్టు మార్చమని వెలగాల్సిన దీపాన్ని పడుకోబెట్టాను."

ఆయన మీటరు వైపు చూశాడు. ఎనభై ఆరు వేల మూడు వందలు. నోటుబుక్కులో అది వేసి, దాని కింద లక్షా ముప్పై వేలు వేసి, గీత గీసి కూడాడు. "రెండు లక్షల పదహారు వేల మూడు వందలు," అని మెల్లగా చదివాడు. తర్వాత పాత పేజీలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పాడు. "ప్రతిసారీ ప్రార్థన చేసి రాశానయ్యా. ప్రతిసారీ," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు.

అందరూ దిగారు. సుబిలాగా దిగలేదు. నా ఒళ్లోని సంచి వైపు చూసింది.

"అందులో ఏముంది?"

నేను తియ్యలేదు. ఆమే తీసింది. అట్టపెట్టెలోంచి నల్లటి కొత్త బెల్టు బయటికొచ్చింది.

"ఎప్పుడు కొన్నావు?"

"నిన్న."

"నిన్ననే తెలుసన్నమాట." గొంతు పెంచలేదు. "పొద్దున గాలి బాగా తగుల్తుందని నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది నువ్వే."

"సుబీ, నేను..."

"ముందు పని చెయ్యి. పద్నాలుగు మంది ఎండలో ఉన్నారు."

ముందుసీటు పీకి పక్కనపెట్టి, మూత విప్పి, రోడ్డు పక్క మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాను. పాత బెల్టు బయటికి లాగుతుంటే రెండు పళ్లు నా వేళ్ల మధ్య పొడిపొడిగా రాలాయి. అవ్వ దగ్గరికొచ్చి అది చూసింది. ఇప్పుడు అల్లుడా అనలేదు. తల మీది గుడ్డ సరిచేసుకుని అవతలికి పోయింది. పాటలవాళ్లు రాళ్ల మీద దూరదూరంగా కూర్చున్నారు. అయినా నాకు ఊపిరి తేలికైంది. చెప్పేశాను, బతికారు, ఇక ఏమైనా కానీ అనుకున్నాను. బోనులోంచి బయటపడ్డాననే అనుకున్నాను, పిచ్చివాణ్ని.

సుబిలాగా రోడ్డు అంచున నిలబడి కొండ దిగే బండ్లను చూస్తోంది. లారీలు, బస్సులు, మధ్యమధ్య వ్యాన్లు. చాలాసేపు చూసింది. బెల్టు పళ్లు చక్రం మీద కూర్చుంటున్నప్పుడు నా వెనక వచ్చి నిలబడింది.

"ఇలాంటివి ఎన్ని తిప్పావు?"

"ఏవి?"

"ఏవేంటి? బండ్లు."

పానా చేతిలోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్లు. నెలకు ఎనిమిది, పది. ఆ లెక్క నేనెప్పుడూ కట్టలేదు. ఆ లెక్క తలచుకోకుండానే ఇన్నాళ్లూ పడుకున్నాను.

"వాటికీ ఇలాంటి బెల్టే ఉంటుందా?"

"కొన్నిటికి."

"వాటి దీపాలూ ఇలాగే పడుకున్నాయా?"

ఆమె మొహంలో కోపం కూడా లేదు, భయముంది. చెయ్యెత్తి రోడ్డు చూపించింది. "వీటిలో నీవి ఉన్నాయా?"

తలెత్తి చూశాను. నీలం చారల వ్యాను ఒకటి మలుపు తిరిగి వస్తోంది. కప్పు మీద పరుపులు, కుర్చీలు కట్టి ఉన్నాయి, కిటికీల్లో ఆడవాళ్లు, పిల్లలు. పెళ్లివాళ్లు. పోయిన వానల్లో నా బల్ల దగ్గర నిలబడిన బండే అది. రెండు లక్షల ముప్పై వేలను డెబ్భై రెండు వేలు చేసి పంపాను. దాని చీటీ కూడా గీకేశాను.

పానా పారేసి లేచి పరిగెత్తాను. నూనె చేతులు రెండూ ఎత్తి రోడ్డు మధ్యకు పోయి, "ఆపు! కొండ దిగకు! ఆపరా బాబూ!" అని అరిచాను. డ్రైవరు ముందు కంగారుపడ్డాడు. పక్కన ఎండలో కూర్చున్న మా వాళ్లను, సీటు పీకిన మా బండిని చూసి సంగతి అర్థమైందనుకున్నాడు. రెండుసార్లు హారను కొట్టి నన్ను తప్పించుకున్నాడు. లోపల మనుషులు కిక్కిరిసి ఉన్నారని చూపిస్తూ, చోటు లేదన్నా, వెనకొచ్చే బండి ఎక్కండని నవ్వుతూ చెయ్యి ఊపి, కొండ దిగిపోయాడు.